అక్క ముఖం నిండిన కాలం

మొన్న పొద్దున వాకిట్లో పీట వేసుకొని ఉబ్బసానికి వాడే నా దమ్ము పంపును రెండుసార్లు గుంజి, డాక్టరమ్మ చెప్పినట్టు నోరు పుక్కిలించి, ఆ నీళ్ళు కూడా వృథా ఎందుకని కనకాంబరం మొదట్లో ఉమ్మి లేస్తున్నానో లేదో, ఎదురింటి కోడలు మా గేటు పట్టుకొని నిలబడి నన్ను కిందికీ మీదికీ చూసింది.

“ఏందవ్వా, గింత ఎండిపోయినవ్! చెంపలు లోపలికి పోయినయ్ గదనే! చేవెళ్ళల పొట్లాల డాక్టరుండె చూడు, ఇప్పుడు ఆయన కొడుకు కూసుంటుండు. మా అమ్మ ఆడికే పోతున్నది. దమ్ము లేదు, మోకాళ్ళ నొప్పి లేదు. ముఖం గుండ్రంగ నిండింది, పెండ్లికూతురు లెక్క అయ్యింది.”

ఆ మాటతో నా ఒళ్ళు మండిపోయింది.

“పెండ్లికూతురు గాదు, మన్ను గాదు. మీ అమ్మను రేపే పట్నం పెద్ద దవాఖానకు తోల్కపో. పొట్లాలు పారెయ్యకు, నీ అంతట నువ్వు మానిపియ్యకు. కొంగుకు కట్టుకొని పోయి డాక్టరు ముంగట వెట్టు” అన్నాను. ఆ పిల్ల నవ్వింది. “నీకన్ని అనుమానాలేనవ్వా” అంటూ, షేర్ ఆటో హారన్ వినపడగానే రోడ్డు మీదికి పరుగెత్తింది. లోపలి నుంచి మా కోడలు, “ఊకో అత్తమ్మా, బీపీ పెరుగుతది” అని కేక వేసింది.

ఊకోవడం నాకు చేతకాలేదు. అందుకే ఇది రాయడానికి కూర్చున్నాను. నాలుగో తరగతితో బడి మానిపించిన దాన్ని నేను. బైబిలు చదివీ చదివీ అక్షరం మరిచిపోకుండా నిలబెట్టుకున్నాను. తప్పులుంటే మనవరాలు దిద్దుతానన్నది. అక్షరాలు దిద్దు కానీ కోపాన్ని దిద్దవద్దని చెప్పాను. నా ఈడు వాళ్ళు చదివితే వాళ్ళకు అర్థమవుతుంది, ఆ పొట్లాలు తినని ఇల్లు మా కాలంలో ఈ చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయి గనుక!

నాకు దమ్ము ఒక్కటే అయితే ఏదో సర్దుకునేదాన్ని. దాని వెనక బీపీ వచ్చింది, బీపీ వెనక షుగరు, ఇప్పుడు మోకాళ్ళు. ఒక్కొక్క బీమారికి ఒక్కొక్క డాక్టరు, ఒక్కొక్క డాక్టరుకు ఒక్కొక్క పథ్యం, వాటి మీద ఊరివాళ్ళ పథ్యాలు వేరే. షుగరు డాక్టరు అన్నం తగ్గించమన్నాడు. బీపీ డాక్టరు ఉప్పూ తొక్కులూ మానమన్నాడు. మోకాళ్ళ డాక్టరు పాలు తాగమన్నాడు. పాలు తాగితే కఫం పడుతుందని మా ఆడబిడ్డ నా చేతిలోని గ్లాసు లాక్కున్నది. పెరుగు వద్దని ఒకరు, అరటిపండు వద్దని ఒకరు, సీతాఫలం వాసన కూడా చూడవద్దని మరొకరు. ఇక నాకు మిగిలింది గాలి. అదే సరిగ్గా అందక కదా ఈ తిరుగుడంతా! అయినా వీటన్నిటినీ ఒకే ఇంట్లో పడని కోడళ్ళను సర్దినట్టు సర్దుకుంటూ, ఒకదానికి వేసుకున్న గోలీ ఇంకొకదానికి పడుతుందో పడదో అడిగి తెలుసుకుంటూ నెట్టుకొస్తున్నాను. ఊళ్ళో నన్ను పిసినారి అంటారు. సబ్బు అరిగితే ఆ ముక్కను కొత్త సబ్బుకు అతికిస్తాను, చీర చిరిగితే బొంతలో కుడతాను, అది నిజమే. కానీ రోజూ గుంజవలసిన పంపును మాత్రం ఒక్క పూట కూడా పొదుపు చేయను. ఈ బుద్ధి నాకు పుట్టుకతో రాలేదు. మా అక్క పడ్డ పాట్లు చూసి వచ్చింది.

అక్క అంటే తోడబుట్టినది కాదు, మా యారాలు; మా ఆయన అన్న భార్య. ముడిమ్యాల నుంచి చేవెళ్ళ తొవ్వలోని ఈ హిమాయత్‌నగర్ ఊరికి, పట్నంలోది కాదు, నాకంటే ముందే కోడలుగా వచ్చింది. సన్నగా, పొడుగ్గా, చెంప ఎముకలు తేలి ఉండేది. చిన్ననాటి నుంచే దమ్ము. పైకి ఎంత ఓర్పుగా కనిపించినా నోరు మాత్రం పదునే; దమ్ము లేవనప్పుడు ఆమె వేసే ఎకసెక్కాలకు బంతి తోటలో పూలు తెంపే ఆడవాళ్ళంతా నవ్వలేక చచ్చేవారు. దమ్ము లేచిన రోజు గడప పక్కన బండ మీద కూర్చొని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, ముందుకు వంగి, ఒక్కొక్క శ్వాసనూ బావిలో నుంచి చేదినట్టు చేదుకునేది. నేను వెనక నిలబడి వీపు రాసేదాన్ని. అల్లం వేసిన చాయ్ ఇచ్చేదాన్ని. అంతకు మించి మాకేమీ తెలియదు.

తెలియకపోయినా, ఆ రోజుల్లో మా వాడ ఆమెను ఎట్లా చూసుకున్నదో చెప్పాలి. ఎవరింట్లో మిరపకాయలు దంచాలన్నా ముందురోజే కబురు వచ్చేది, రేపు మేము కారం దంచుతున్నాము, మీ పెద్దకోడలిని తోటకు పంపండి అని. మక్కజొన్న కంకులు పట్టే మిషన్ వస్తే గాలి ఎటు వీస్తుందో చూసి, మా ఇంటి దిక్కు దుమ్ము రాకుండా నిలబెట్టేవారు. మా అత్త మాట కటువు, చెయ్యి ఇంకా కటువు. కానీ అక్కను ఏనాడూ చీపురు ముట్టనివ్వలేదు. ఆ ఊడ్పంతా నా నెత్తిన పడిందని నేను సణిగేదాన్ని. “దానికి దమ్మున్నది, నీకు నోరున్నది, ఊడువు” అనేది అత్త.

అట్లాంటి రోజుల్లో ముడిమ్యాల నుంచి అక్క తమ్ముడు వచ్చి ఆమెను చేవెళ్ళకు తీసుకుపోయాడు. అంగడికి పోయే తొవ్వలో ఒక చిన్న గది, బయట బోర్డు లేదు, లోపల ఒక బల్ల, బల్ల ముందు మాత్రం ఎప్పుడూ జనమే. ఆ డాక్టరు ఏ బీమారి అని ఎక్కువగా అడిగేవాడు కాదు. నడుము నొప్పి వాడికీ, గజ్జి వాడికీ, మోకాళ్ళ ముసలమ్మకూ, దమ్ము ఉన్న మా అక్కకూ అదే చిన్న తెల్ల గోలీ. పేపరు ముక్కలో పొట్లం కట్టి చేతిలో పెట్టేవాడు. గోలీకి పేరు లేదు. వారానికొకసారి పోయి తెచ్చుకోవాలి.

అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ గోలీ పని చేసింది. చాలా తొందరగా చేసింది. ఎన్నో ఏండ్లుగా ఛాతీ మీద కూర్చున్న బండను ఎవరో లేపి పక్కన పెట్టినట్టు అక్క నిటారుగా నిలబడింది. పూల గంప నెత్తిన పెట్టుకొని తోట ఆ చివరి నుంచి టెంపో దాకా ఆగకుండా నడిచింది. పిల్లలను చంకన వేసుకొని వాకిట్లో పరుగులు పెట్టింది. అన్నం ముందు కూర్చుంటే పిట్టలాగా గెలికే మనిషి, మళ్ళీ మళ్ళీ వడ్డించుకొని తిన్నది. అత్త సంతోషపడింది, బావ సంతోషపడ్డాడు, నేనూ పడ్డాను. కొద్దిరోజులకే ముఖం నిండింది. తేలిన చెంప ఎముకలు లోపలికి మునిగిపోయాయి. ఆమె రవికెల కుట్లన్నీ నేనే విప్పి వదులు చేశాను. బావి దగ్గర, కిరాణా దుకాణంలో, బస్సు ఎక్కేచోట, ఎక్కడ చూసినా ఒకటే మాట: ఒళ్ళు చేసింది, కళ వచ్చింది, మందు పడ్డది.

మా చర్చిలో పాట అయిన తరువాత, దేవుడు ఎవరికి మేలు చేస్తే వారు లేచి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. ఏనాడూ ఒక్క చరణం పూర్తిగా పాడలేని మా అక్క, ఆ ఆదివారం పాటంతా గొంతెత్తి పాడి లేచి నిలబడింది. దారిలో నాతో అన్నది, చేవెళ్ళ పొట్లం సంగతి కూడా చెబుతాను, ఇంకెవరైనా దమ్ముతో బాధపడేవాళ్ళు ఉంటే పోతారు కదా అని. కానీ “నా దేవుడు నాకు ఊపిరి ఇచ్చిండు” అనేసరికి ఆడవాళ్ళంతా హల్లెలూయ అన్నారు. ఎవరో పాట ఎత్తుకున్నారు. పాస్టరయ్య భార్య కళ్ళు తుడుచుకున్నది. అక్క కూర్చున్నది. సాక్ష్యం అక్కడితో అయిపోయింది.

ఆ తరువాత వేరే ఊళ్ళ నుంచి వచ్చిన వాళ్ళకు కూడా మా అక్కను చూపించేవారు. చూడండి ఎట్లున్న మనిషి ఎట్లయిందో అనేవారు. దేవుని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఒక మనిషి మాట్లాడుతుంటే చివరిదాకా విననివ్వని ఆ హడావిడి మీదే నా కోపం. ఆ రోజు ఆమెను పూర్తిగా చెప్పనిచ్చి ఉంటే, పొట్లం సంగతి బయటికి వచ్చి ఉండేది, ఎవరో ఒకరు ఏదో ఒకటి అడిగి ఉండేవారు.

గోలీ వేసుకోని వారం అక్కకు దమ్ము రెట్టింపై వచ్చేది. మానడానికి లేదు. తింటున్నానని చెప్పడానికీ లేదు. పొట్లాలను బియ్యం గుమ్మిలో దాచేది. నేనొకసారి చూసి అడిగాను.

“చెల్లె, దేవుడు బాగుచేసిండని అందరి ముంగట జెప్పిన. ఇప్పుడు పొట్లం మింగుతున్ననని ఎట్ల జెప్పాలె? దేవుణ్ణి అబద్ధం జేసినట్టు గాదా?” అన్నది.

ఏండ్లు గడిచాయి. ముఖం గుండ్రంగానే ఉన్నది, లోపలి మనిషి కరిగిపోతూ వచ్చింది. ఎంత తాగినా దాహం, చూస్తే షుగరన్నారు. తల తిరుగుడు; చూస్తే బీపీ అన్నారు. చెయ్యి దేనికైనా కొద్దిగా తగిలితే చాలు వంకాయ రంగు మచ్చ పడేది. ఆ మచ్చలు చూసి మా అత్త, తన కొడుకే కోడలిని కొడుతున్నాడనుకొని బావను వాకిట్లో నిలబెట్టి తిట్టింది. కళ్ళకు పొర వచ్చింది. బిందె ఎత్తబోతే మణికట్టు విరిగింది. పట్నంలో ఒక్కొక్క దానికి ఒక్కొక్క డాక్టరు దగ్గరికి తిప్పాము. షుగరు చూసే ఆయన మిఠాయిలు తింటున్నావా అని గద్దించాడు. మా అక్కకు బెల్లం వాసన కూడా పడదు. ఎముకలు చూసే ఆయన ఈ వయసు ఆడవాళ్ళకు మామూలే అన్నాడు. కళ్ళు చూసే ఆయన కళ్ళే చూశాడు. నువ్వు ఇంకేమి మింగుతున్నావమ్మా అని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అడిగినా ఆమె చెప్పేదో లేదో, అది వేరే మాట. అడగడం వాళ్ళ పని కదా!

చివరికి పొట్లాల సంగతి మా బావకు అంగడిలో తెలిసింది. ఎవరో తెలిసినాయన, తన భార్యకు ఆ పొట్లాల వల్లే షుగరు వచ్చిందని పట్నం డాక్టరు చెప్పినట్టు ఈయనతో అన్నాడు. బావ ఇంటికి వచ్చి ఇల్లంతా వెతికి, గుమ్మిలో చెయ్యి పెట్టి పొట్లాలన్నీ బయటికి తీసి పెంటకుప్ప మీద విసిరికొట్టాడు.

“ఇగ ఒక్క గోలీ ముట్టినవో, నీ కథ నా కథ అయితది!” అని అరిచాడు.

భార్య మీద ప్రేమతోనే చేశాడు, అందులో అనుమానం లేదు. ఆయన అటు పోగానే నేను పోయి ఆ పొట్లాలు ఏరుకొచ్చాను. మళ్ళీ తినిపించాలని కాదు. పేపరు కూడా తడవలేదు, గోలీలు గోలీలుగానే ఉన్నాయి; పారేసిన వస్తువు బాగున్నట్టు కనపడితే నా చెయ్యి ఆగదు. కొంగుకు ముడేసుకున్నాను.

మరునాటి నుంచి అక్కకు నీరసం. తిన్నది తిన్నట్టు వాంతి. దమ్ము మెల్లమెల్లగా పైకి వచ్చింది. దమ్మే కదా, పొట్లం మానింది కాబట్టి వచ్చింది, ఓర్చుకుంటే పోతుందని బావ అన్నాడు. ఒక పొద్దున పూలు తెంపుతూ తెంపుతూ బంతి సాలులోనే ఒరిగిపోయింది. పెదవులు నల్లబడ్డాయి. పట్నం మార్కెట్టుకు పోవలసిన పూల టెంపోలోనే, బస్తాల మీద పడుకోబెట్టి పెద్ద దవాఖానకు తీసుకుపోయాము.

అక్కడ ఆక్సిజన్ పెట్టారు, ఆవిరి మిషన్ పెట్టారు, సెలైన్ ఎక్కించారు. బీపీ పడిపోయి ఎంతకూ నిలబడడం లేదు. ఛాతీ డాక్టరమ్మ, చిన్న వయసు పిల్ల, వచ్చి ఏమేమి మందులు వాడుతున్నారని అడిగింది. షుగరు గోలీ, బీపీ గోలీ అన్నాడు బావ. పొట్లం ఎట్లాగూ పారేశాము కదా, ఇంకా దాని మాట ఎందుకు అనుకున్నాడు. సిగ్గు కూడా. నేను వెనక నుంచి ముందుకు తోసుకొని వచ్చి కొంగు ముడి విప్పాను.

“అమ్మా, గివి గూడ తినేది. ఏండ్లసంది తిన్నది. మొన్న మా బావ పారేసిండు.”

బావ నా దిక్కు చూసిన చూపు నాకు ఇంకా గుర్తున్నది. డాక్టరమ్మ ఆ గోలీని, అక్క ముఖాన్ని, చేతుల మీది మచ్చలను మార్చి మార్చి చూసి, నర్సును పిలిచి గబగబా ఏదో సూది చెప్పింది. అప్పటికి గానీ ఆ బీపీ నిలబడడం మొదలు కాలేదు.

మరునాడు డాక్టరమ్మ మా అందరినీ నిలబెట్టి వాయించింది. అది దమ్మును ఆపే మందే, కానీ తెలిసినవాళ్ళు చూసి కొద్దిరోజులు ఇవ్వవలసింది, పప్పుబెల్లాల్లాగా ఏండ్ల తరబడి పంచేది కాదన్నది. ఒంట్లో సొంతంగా తయారు కావలసినదాన్ని ఈ గోలీ నిద్రపుచ్చింది, అది లేచేలోపల ఒక్కసారిగా మానిపిస్తే ప్రాణం పోతుందన్నది.

“మెల్లగా దించాలి, నేను చెప్పినట్టే. ఈ నిండు ముఖం ఆరోగ్యం కాదమ్మా, ఈ మందు చేసిన వాపు” అన్నది.

రోజూ గుంజే పంపు ఒకటి, దమ్ము లేచినప్పుడు గుంజే పంపు ఒకటి ఇచ్చి, ఎట్లా పట్టుకోవాలో, ఊపిరి ఎట్లా బిగపట్టాలో తన చేత్తో చూపించింది. బీపీకి వాడుతున్న గోలీ కూడా దమ్మును లేపే రకమని దాన్ని మార్పించింది. నొప్పుల గోలీలు అడగకుండా కొనవద్దన్నది. అన్ని బీమారీలూ ఒకే మనిషివని గుర్తుపెట్టుకున్న మొదటి డాక్టరు ఆమె.

అక్క బతికి ఇంటికి వచ్చింది. కథ అక్కడితో అయిపోయిందనుకుంటారు. అసలు నా కోపమంతా ఆ తరువాతి సంగతుల మీదే.

గోలీలు తగ్గుతున్న కొద్దీ ముఖం దిగింది. నెలలు గడిచేసరికి పాత చెంప ఎముకలు మళ్ళీ తేలాయి. మచ్చలు తగ్గాయి, షుగరు కొంత దిగింది, దమ్ము అదుపులో ఉన్నది. మనిషి నిజంగా బాగవుతున్నది. ఊరు మాత్రం ‘పాపం’ అనడం మొదలుపెట్టింది. పట్నం పోయి పాడైపోయిందన్నారు. ఎంత కళగా ఉండేదో అన్నారు. పొట్లాల డాక్టరు కబురు పంపాడు, నా దగ్గరికి వస్తే నెలలో మళ్ళీ మనిషిని చేస్తానని. చావబోయినప్పుడు మెచ్చుకున్న నోళ్ళే, బతుకుతున్నప్పుడు చూసి జాలిపడ్డాయి. మా చర్చి స్త్రీల కూడికలో ఒక పెద్దమ్మ ఉండేది, ఆమె ముఖం మీదే అడిగేసింది.

“అప్పుడు దేవుడు ముట్టిండంటివి. ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బ నోట్ల వెట్టుకుంటున్నవ్. ఏది నిజమే?”

అప్పటి నుంచి అక్క పంపును గడ్డివాము వెనక్కి పోయి గుంజేది. చర్చిలో దమ్ము లేస్తే బిగపట్టుకొని కూర్చునేది. ఒక అంగడి రోజు చీర కట్టుకొని, చేవెళ్ళకు పోతున్నానన్నది. నాకు అర్థమైంది.

“మళ్ళ పొట్లాలకా?”

“ఉన్నన్ని రోజులు మంచిగ కనవడి పోత చెల్లె. గీ పాపం పాపం అనుడు నేను మొయ్యలేను.”

“వాళ్ళు జూసి సంబురపడనీకి నువ్వు సస్తవానే? సావు. మీ పిల్లలకు నేను వండిపెట్ట, ముందే జెప్తున్న” అన్నాను. వండిపెట్టనని కాదు, ఆమెకు కోపం రావాలని అన్నాను. ఆమెకు కోపం రాలేదు, కళ్ళలో నీళ్ళు వచ్చాయి. వచ్చే ఆదివారం కోతల పండుగ, అది గడవనీ, ఆ తరువాత నీ ఇష్టమని బతిమాలి ఆపాను.

కోతల పండుగ అంటే తెలియని వారికి చెబుతాను. పంట చేతికొచ్చిన తరువాత ఎవరికి పండింది వారు చర్చికి తెచ్చి దేవుని ముందు పెడతారు. ఆ ఏడు మక్కల బస్తాలు, వడ్ల బస్తాలు, బంతిపూల గంపలు, సొరకాయలు, గుమ్మడికాయలతో లోపల నిలబడడానికి చోటు లేదు. బస్తాలు దించినప్పుడల్లా దుమ్ము లేచింది. రెండో పాట సగంలో అక్క పాడడం ఆపేసింది. భుజాలు పైకి లేస్తున్నాయి. బయటికి పోదామని లేచింది. ఆ పెద్దమ్మ అక్క చెయ్యి పట్టుకున్నది.

“యాడికి? కూసో, ప్రార్థన జేస్తం.”

చుట్టూ ఆడవాళ్ళు మూగి తల మీద చేతులు పెట్టారు. మంచి మనసుతోనే పెట్టారు. కానీ వచ్చే కొద్ది గాలి కూడా ఆగిపోయింది. “జరుగుండ్రి, గాలి రానియ్యిండ్రి!” అని నేను అరుస్తున్నాను. ఎవరూ వినలేదు. అప్పుడు అక్క తల మీది చేతులను తనే పక్కకు తీసి, రవికెలో నుంచి పంపు తీసి, నిండు చర్చిలో, అందరి ముందు గుంజింది. ఊపిరి బిగపట్టింది. మళ్ళీ గుంజింది. పాట ఆగిపోయింది. ఆమె తొందరపడలేదు. ఊపిరి కుదురుకునే దాకా అట్లాగే నిలబడి, అప్పుడు మాట్లాడింది.

“నేనప్పుడు జెప్పిన సాక్ష్యం సగమే. మీరు హల్లెలూయ అన్నరు, నేను కూసున్న. మిగిలింది ఇప్పుడు జెప్త. చేవెళ్ళ పొట్లం తిన్న. అది దమ్మును ఆపింది, నా బొక్కలను తిన్నది, గీ మణికట్టు ఇరగ్గొట్టింది. మీరు కళ అన్నది వాపు. నేను సచ్చేదాన్నుంటి, దేవుడు సావనియ్యలేదు. ఆ మాట అబద్ధం గాదు. గీ పంపు గూడ ఆయనిచ్చిందే అనుకుంట. గుంజుకుంటనే పాడుత. నన్ను జూసి పాపం అనేటోళ్ళు, నా ముంగటనే అనుండ్రి, జవాబు జెప్త.”

ఈసారి ఎవరూ హల్లెలూయ అనలేదు. అంతా గుమ్మడికాయల దిక్కు చూస్తున్నారు. పాస్టరయ్య పెద్ద వయసు మనిషి. కండ్లద్దాలు తీసి, “ఇంకేమన్న ఉన్నదా అమ్మా? నిదానంగ, పూర్తిగ చెప్పు” అన్నాడు. ఉన్నదన్నది అక్క. పొట్లాలు తినేవాళ్ళు భయపడి పారేయవద్దని, వెంట తీసుకొని పెద్ద డాక్టరు దగ్గరికి పోవాలని చెప్పి కూర్చున్నది. ఆరాధన అయిన తరువాత చర్చి వెనక వేపచెట్టు దగ్గరికి ఒక్కొక్కరే వచ్చారు. పొట్లం తినేది తామొక్కరమే అనుకున్న వాళ్ళందరూ ఒకరినొకరు చూసుకొని తెల్లబోయారు. చివరికి ఆ పెద్దమ్మ కూడా కొంగు చాటున చెయ్యి పెట్టుకొని వచ్చి, “నా మోకాళ్ళకు గూడ గదే ఇచ్చిండే” అన్నది. “మరి నా కళ జూసి కుళ్ళుకుంటివెందుకమ్మా, నీ దగ్గర్నే ఉండె గద” అన్నది అక్క. చాలా కాలానికి ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి ఎకసెక్కం అది.

అక్క మళ్ళీ పొట్లాలకు పోలేదు. నడుము కొద్దిగా వంగింది, కళ్ళకు ఆపరేషన్ అయింది, షుగరు పూర్తిగా పోలేదు. అయినా పంపు, గోలీలు, పథ్యం అన్నీ వేళకు చూసుకుంటూ, ఎండిన ముఖంతోనే పిల్లల పెండ్లిళ్ళు చేసింది, మనవలను ఎత్తుకున్నది. తరువాతి కాలంలో నాకూ దమ్ము వస్తే, పంపు పట్టుకోవడం నాకు నేర్పింది ఆమెనే. పోయిన ఏడు, పండు ముసలితనంలో, పొద్దున చాయ్ తాగి కూర్చున్న చోటనే కన్నుమూసింది. దమ్ముతో కాదు.

ఇప్పుడు మా వాడలో మిరపకాయలు దంచేవాళ్ళు లేరు. ఆడపిల్లలు బస్సులో, కాలేజీలో ఏ సిగ్గూ లేకుండా పంపు తీసి గుంజుకుంటున్నారు. చూస్తే నా కడుపు చల్లబడుతుంది. కానీ మా ఇంటి గోడ అవతలి ఫంక్షన్ హాలు వాళ్ళు పొద్దున్నే ఎంగిలి ప్లేట్లు కాలబెడతారు, ఇటు లేఅవుట్ల లారీలు ఎర్ర దుమ్ము లేపుకుంటూ పోతాయి. రేపు పొగ పెడుతున్నాము, మీ ముసలమ్మను లోపల ఉంచండి అని ఎవరూ కబురు పంపరు. పోయి అడిగితే కిటికీలు మూసుకోమంటారు. ఎవరి పంపు వారి సంచిలో ఉన్నది, ఎవరి దమ్ము వారిది అయింది.

అక్క పెద్దబిడ్డ మోకిలలో కొత్త ఇల్లు కట్టుకున్నది. హాలులో తల్లి ఫోటో పెద్దది చేయించి, చుట్టూ లైట్లు పెట్టించింది. నేను పోయి చూద్దును కదా, పొట్లాల కాలం నాటి గుండ్రటి ముఖం! అక్క అసలు ముఖం ఉండగా ఇదేం ఫోటోవే అని గట్టిగానే అరిచాను, ఇదే ఆమె అన్నిటికంటే బీమారిగా ఉన్న కాలమని చెప్పాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకొని, “చిన్నమ్మా, తర్వాతి ఫోటోలల్ల అమ్మ ఎండిపోయి ఉంటది, చూడలేను. గీ అమ్మనే నన్ను ఎత్తుకొని ఉరికింది. నాకు గీమెనే యాదికున్నది” అన్నది.

ఆ పిల్ల చెప్పింది కూడా నిజమే. అప్పటి నుంచి మోకిలకు పోయినప్పుడల్లా, అందరూ వంటింట్లో ఉన్నప్పుడు ఆ ఫోటో ముందు కొంచెంసేపు నిలబడతాను. ఆ నిండు చెంపల కింద నాకు తెలిసిన ఎముకల కోసం వెతుకుతాను, కనిపించవు. కళ్ళు మాత్రం అక్కవే. వాటి చుట్టూ ఉన్నదంతా పొట్లాలది.